దున్న దూడలకు చౌక మేత: దాణా బస్తా తగ్గించాలంటే ముందు గడ్డివాము సంగతి చూడాలి

కంకిపాడు నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నా దగ్గర 20 ముర్రా క్రాస్ దున్న దూడలున్నాయి. వయసు ఏడెనిమిది నెలలు, ఒక్కొక్కటి 120 కిలోల దాకా ఉంటుంది. మాంసానికి పెంచి అమ్మాలని కొన్నాను. వరిగడ్డి, దాంతో పాటు రోజుకు రెండు కిలోల కంపెనీ దాణా పెడుతున్నాను. బస్తా ధరకు తట్టుకోలేకపోతున్నాను. హోటల్లో మిగిలిన అన్నం, బీరు పిప్పి, అరటి బోదెలు, సుబాబుల్ ఆకు దొరుకుతాయి. ఏది పెడితే ఖర్చు తగ్గుతుంది?"

నేను కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కొంతమంది పెంపకందారులకు మేత లెక్కలు చూసి పెడుతున్నాను. మన రాష్ట్రంలో 1977 చట్టం కింద గోవధ నిషేధం కాబట్టి ఇక్కడ మాంసం పెంపకం అంటే దున్నలే. నేను చెప్పేదంతా వాటి గురించే.

సూటిగా చెబుతాను. మీరు అడిగిన నాలుగింటిలో ఏదీ దాణాకు పూర్తి బదులు కాదు. మీకు అన్నిటికంటే చౌకైన మేత ఇప్పటికే మీ దొడ్లో ఉంది, అది వరిగడ్డి. దాన్ని యూరియాతో మాగబెట్టండి. పక్కన కాస్త మినప కట్టో (మినుము నూర్చాక మిగిలే కాడలు), పిల్లిపెసర అనే పప్పుజాతి మేత పైరు ఎండుగడ్డో చేర్చండి. కంపెనీ దాణా మానేసి తవుడు, చున్నీ (పప్పు మిల్లులో మిగిలే పొట్టు, పలుకు), చెక్క (నూనె తీశాక మిగిలే గింజల పిండి)తో మీరే ఒకటింపావు కిలో మిశ్రమం కలిపి పెట్టండి. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం మానొద్దు. ఇలా పెడితే దూడ రోజుకు అర కిలో వరకు పెరుగుతుంది. సుబాబుల్, బీరు పిప్పి పక్క వాటాగా పనికొస్తాయి. అరటి బోదె దాదాపు నీళ్ళే. హోటల్ అన్నం ప్రమాదం.

ఇంకో షరతు కూడా ఉంది. ఆరు నెలలు దాటని దూడలకు యూరియాతో మాగబెట్టిన గడ్డి వద్దు. వాటి పొట్ట దానికి ఇంకా పూర్తిగా సిద్ధపడదు. మీ దూడలకు ఏడు నెలలు దాటాయి కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టొచ్చు.

ధర చూసేటప్పుడు నీళ్ళు తీసేసి చూడండి

చౌక మేత అనుకుని రైతులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. అరటి బోదె వంద కిలోలు తెస్తే అందులో ఎండు పదార్థం ఆరేడు కిలోలకు మించదు, మిగిలిందంతా నీరు. బోదె ఊరికే వచ్చినా ట్రాక్టర్ బాడుగ, నరికే కూలీ లెక్కేస్తే ఎండు కిలో ధర వరిగడ్డి కంటే ఎక్కువ పడుతుంది. పైగా అందులో మాంసకృత్తులు నామమాత్రం. ఎండాకాలంలో పచ్చి మేత అసలు లేనప్పుడు ముక్కలు కోసి కొంచెం వేయండి. అది కూడా తోట పక్కనే ఉంటేనే.

బీరు పిప్పికీ ఇదే లెక్క వేయండి. తడి పిప్పిలో ఎండు పదార్థం 20 నుంచి 25 శాతం ఉంటుంది. కిలో 5 రూపాయలకు వచ్చిందనుకుందాం. ఎండు లెక్కన కిలో 20 నుంచి 25 రూపాయలు పడ్డట్టు. అయితే ఎండిన తర్వాత అందులో మాంసకృత్తులు 20 శాతం పైనే ఉంటాయి, బోదెకూ దీనికీ తేడా అదే. చున్నీ ధరతో పోల్చి చూసుకుని, చౌకగా పడితేనే కొనండి. దూడకు రోజుకు రెండు కిలోల తడి పిప్పి వరకు ఇవ్వొచ్చు, అప్పుడు మిశ్రమం పావు కిలో నుంచి అర కిలో దాకా తగ్గించండి. మన ఎండలకు అది రెండో రోజుకే పులిసి బూజు పడుతుంది. లారీ లోడు చవకని తెచ్చి వారం నిల్వ పెట్టే పద్ధతి మాత్రం వద్దు. రోజూ తాజాగా అందే ఏర్పాటు లేకపోతే దాని జోలికి పోకండి.

వరిగడ్డి మాగబెట్టడం

మన డెల్టా వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం. దాని మీదే ఉంచితే పశువు బతుకుతుంది గానీ పెరగదు. యూరియా నీళ్ళతో తడిపి గాలి తగలకుండా మూసేస్తే యూరియా అమ్మోనియాగా మారి గడ్డి పీచును వదులు చేస్తుంది. పశువు ఎక్కువ తింటుంది, తిన్నది ఎక్కువ అరుగుతుంది. మాంసకృత్తుల విలువ కూడా ఏడెనిమిది శాతానికి చేరుతుంది.

కొలత: వంద కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళు. మీ 20 దూడలకు వృథాతో కలిపి రోజుకు 45, 50 కిలోల ఎండుగడ్డి కావాలి. కాబట్టి ఒక్కో వామి 10 క్వింటాళ్ళు వేసుకోండి: 40 కిలోల యూరియా, 500 లీటర్ల నీళ్ళు. గట్టి నేల మీద టార్పాలిన్ పరిచి, జానెడు మందం గడ్డి వేసి, యూరియా నీళ్ళు పూలమొక్కలకు నీళ్ళు పోసే క్యాన్‌తో సమానంగా చల్లి, తొక్కి, మళ్ళీ పొర వేయండి. పైన టార్పాలిన్ కప్పి అంచులు మట్టితో బిగించండి. 21 రోజులు కదపొద్దు. ఒక వామి తినేలోపు రెండోది మాగుతుంది. అలా రెండు వాములు మార్చి మార్చి నడపండి.

తెరిచినప్పుడు ఘాటు వాసన కొట్టాలి, గడ్డి గోధుమ రంగుకు తిరిగి మెత్తబడాలి. ఘాటు లేదంటే ఎక్కడో గాలి దూరిందన్నమాట. నల్లబడినా, తెల్ల బూజు ఉన్నా ఆ భాగం పెంటకుప్పకే. రోజుకు సరిపడా తీసి గంటసేపు నీడలో ఆరబెట్టి పెట్టండి. మొదటి వారం మామూలు గడ్డితో సగం సగం కలపండి, ఘాటుకు అలవాటు పడేదాకా దూడలు మూతి తిప్పుకుంటాయి. అప్పుడు కంగారుపడి మానేసినవాళ్ళను చూశాను. పది రోజులు ఓపిక పట్టిన చోట ఒక్క దూడ కూడా తినకుండా ఉండలేదు.

యూరియా విషయంలో మూడు జాగ్రత్తలు. నీళ్ళలో పూర్తిగా కరగాలి, గడ్డలు మిగిలితే విషం. కలిపిన నీళ్ళ బక్కెట్టు దూడలకు అందేచోట పెట్టొద్దు. గడ్డిని మాగబెట్టాక దాణాలో మళ్ళీ యూరియా కలపొద్దు.

వరికోత మిషన్ గడ్డి కొంటే చేతితో లోపలికి గుచ్చి చూడండి. తుపాను వానల్లో తడిసిన గడ్డిని బేళ్ళు కట్టి అమ్మేస్తుంటారు. పైకి పసుపుగా కనిపిస్తుంది, లోపల బూజు. గేదె జాతికి బూజు గడ్డి మరీ చెడ్డది. తోక చివర, చెవి కొసలు, గిట్టల పైభాగం నల్లబడి కుళ్ళి ఊడిపోయే డెగ్నాలా జబ్బు ఇలాంటి గడ్డి వల్లే వస్తుంది. మాగబెడితే బూజు పోతుందిలే అనుకోవద్దు.

గడ్డి కొనుక్కునేవాళ్ళు దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి వైపు కూడా వాకబు చేయాలి. వరి కోశాక దున్నకుండా వేసే రబీ మొక్కజొన్న అక్కడ విస్తారం. కండెలు కోశాక చొప్పను చాలామంది చేలోనే తగలబెడతారు. అడిగితే కోసుకుపొమ్మంటారు. చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి దాన్నీ ఇదే కొలతలో మాగబెట్టొచ్చు.

పప్పుజాతి కట్టె, పిల్లిపెసర

ఇది మన డెల్టాకు దక్కిన వరం, అయినా కొత్తగా షెడ్లు పెట్టినవాళ్ళు దీన్ని పట్టించుకోవడం లేదు. వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో తడి ఉండగానే పిల్లిపెసర గాని, జనుము గాని చల్లుతారు. కోత అయ్యాక మంచుకు, మిగిలిన తేమకు అదే పెరుగుతుంది. నీళ్ళు పెట్టనక్కర్లేదు, దున్నే పని లేదు. పూత దశలో కోసి, ఆకు రాలకుండా రెండు మూడు రోజులు ఆరబెట్టి వామి వేస్తే ఎండాకాలమంతా పనికొస్తుంది. ఆకే అసలు సరుకు, ఆకు రాలిపోతే మిగిలేది పుల్ల. కాబట్టి మంచు తడి మీద ఉదయం పూటే కట్టలు కట్టి ఇంటికి చేర్చాలి.

మీకు సొంత చేను లేకపోతే మినుము నూర్చిన రైతుల దగ్గర మినప కట్టె, పొట్టు కొనండి. దూడకు రోజుకు అర కిలో నుంచి ముప్పావు కిలో చాలు. కొల్లిపర దగ్గర ఒక రైతుకు గడ్డి మాగబెట్టడంతో పాటు పిల్లిపెసర ఎండుగడ్డి ముప్పావు కిలో చేర్పించాను. ఆయన దాణా రోజుకు రెండు కిలోల నుంచి కిలో పైచిలుకుకు దిగింది, బరువు పెరుగుదల మాత్రం తగ్గలేదు. పచ్చి పిల్లిపెసర ఖాళీ కడుపున ఎక్కువగా పెడితే కడుపుబ్బరం వస్తుంది. ముందు గడ్డి తిననిచ్చి తర్వాత వేయండి.

గట్ల మీద అవిశ చెట్లుంటే కొమ్మలు కోసి వేయండి. సుబాబుల్ ఆకు కూడా మంచిదే, ఎండు లెక్కన మాంసకృత్తులు 20 శాతం పైనే. నందిగామ, కంచికచర్ల వైపు కాగితం మిల్లులకు కర్ర కొట్టేటప్పుడు ఆకు కుప్పలుగా మిగులుతుంది. అందులో మైమోసిన్ అనే విష పదార్థం ఉంది కాబట్టి మొత్తం మేతలో మూడో వంతుకు మించనీయొద్దు. ఊరికే దొరుకుతోందని నెలల తరబడి దాని మీదే ఉంచిన ఒక మందను చూశాను. తోక వెంట్రుకలు ఊడిపోయాయి, నోటి వెంట చొంగ, మేత మీద ధ్యాస లేదు. ఆకు తగ్గించి గడ్డి పెంచాక మెల్లగా కోలుకున్నాయి. ఎండబెట్టిన ఆకును కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే భయం లేదు.

మిశ్రమం ఎలా కలపాలి

విజయవాడ, గుంటూరు, తెనాలి పప్పు మిల్లుల్లో కంది చున్నీ, మినప చున్నీ దొరుకుతాయి. నూనె మిల్లుల్లో నూనె తీసిన తవుడు ఉంటుంది. బియ్యం మిల్లుల్లో నూకలు. వంద కిలోల మిశ్రమానికి నేను రాసిచ్చే పాళ్ళు ఇవి:

నూకలు లేదా మొక్కజొన్న రవ్వ 24 కిలోలు, నూనె తీసిన తవుడు 30, చున్నీ 22, వేరుశనగ చెక్క 20, ఖనిజ లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1. వేరుశనగ చెక్క పిరమైతే పత్తి చెక్క 30 కిలోలు వేసి తవుడు 20కి తగ్గించండి.

ఇందులో మాంసకృత్తులు 16 నుంచి 19 శాతం దాకా వస్తాయి. మీ 120 కిలోల దూడకు దీన్ని ఒకటింపావు కిలో, రెండు పూటలుగా. మాగిన గడ్డి రెండు కిలోలు (ఎండు లెక్కన చెప్పాను, తడితో తూస్తే మూడు కిలోలు), కట్టె ముప్పావు కిలో. దూడ తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం ఎండు మేత తింటుంది. బరువు పెరిగేకొద్దీ గడ్డి, కట్టె పెంచుకుంటూ పోండి, మిశ్రమం కిలోన్నర దగ్గర ఆపండి. చివరి రెండు మూడు నెలలు కండ నిండడానికి కొంచెం నూకలు పెంచొచ్చు.

చున్నీ కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని ఊదండి. పొట్టు ఎగిరిపోయి పలుకు ఎంత మిగులుతుందో చూడండి. ఒట్టి పొట్టును చున్నీ పేరుతో అమ్మేవాళ్ళున్నారు. తవుడును నీళ్ళలో వేసి చూస్తే ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుగుకు చేరుతుంది.

ఈ మధ్య ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి బియ్యం డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) వస్తోంది. మాంసకృత్తుల లెక్కన చెక్క కంటే చాలా చౌక. కానీ చెడిన ధాన్యంలో ఉన్న బూజు విషం అందులో మరింత చిక్కబడుతుంది. రంగు లేతగా, వాసన తాజాగా ఉన్న సరుకే తీసుకుని మిశ్రమంలో 10 శాతం లోపే వాడండి. మాడు వాసన వస్తే వెనక్కి పంపేయండి.

తవుడుతో మగ దూడలకు వచ్చే ముప్పు

ఇది దయచేసి జాగ్రత్తగా చదవండి. తవుడు చౌక కదా అని చాలామంది దాన్నే రెండు మూడు కిలోలు పెట్టేస్తారు. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, సున్నం బహు తక్కువ. వరిగడ్డిలో ఉన్న కాస్త సున్నం కూడా ఆక్సలేట్లతో కట్టుబడి ఒంటికి పట్టదు. ఈ తేడా వల్ల మూత్రంలో రాళ్ళు తయారవుతాయి. పెయ్యల మూత్రనాళం వెడల్పు, రాయి జారిపోతుంది. మగ దూడకు నాళం సన్నగా, మెలిక తిరిగి ఉంటుంది. రాయి అక్కడ ఇరుక్కుంటే మూత్రం ఆగిపోతుంది.

పొన్నూరు వైపు ఇలాంటి కేసులు చూశాను. దూడ తోక ఎత్తి ముక్కుతుంది, చుక్కలు తప్ప రాదు, కాళ్ళు తన్నుకుంటుంది. రైతు మలబద్ధకం అనుకుని నాటు మందు తాగిస్తూ రెండు రోజులు గడిపేస్తాడు. అప్పటికి మూత్రసంచి పగిలి పొట్ట నీటితో ఉబ్బిపోతుంది. తొలి రోజే పట్టుకుంటే ఆపరేషన్ చేసి గొట్టం వేసి బతికించొచ్చు. కాబట్టి మూత్రం ఆగినట్టు అనుమానం వస్తే పూట కూడా ఆగొద్దు. పశు అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మీకు దగ్గరే.

రాకుండా చూసుకోవడం మాత్రం చౌక. మిశ్రమంలో ఆ కిలో సున్నపురాయి పొడి, కిలో ఉప్పు అందుకే వేయమన్నాను. ఉప్పు వల్ల నీళ్ళు ఎక్కువ తాగుతాయి, మూత్రం పలచబడుతుంది. తొట్టిలో రోజంతా మంచి నీళ్ళుండాలి. చలికాలంలో దూడలు నీళ్ళు తక్కువ తాగుతాయి, అప్పుడే ఈ కేసులు ఎక్కువ. చిన్న వయసులోనే వట్టలు కొట్టిస్తే నాళం సరిగా ఎదగదు, అదీ ఒక కారణం.

హోటల్ అన్నం

ఉడికిన అన్నం పొట్టలో చాలా వేగంగా పులుస్తుంది. ఆమ్లం పెరిగి గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, నెమరు ఆగిపోతుంది, ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది. మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో చాలా వరకు ఇవే. విజయవాడ శివార్లలో ఒకాయన రాత్రి ఫంక్షన్ హాలు నుంచి డ్రమ్ములతో అన్నం తెచ్చి తొట్లో పోశాడు. తెల్లారేసరికి రెండు దూడలు పోయాయి, మరో మూడు లేవలేని స్థితిలో ఉన్నాయి. ఎంతో కష్టపడి పెంచిన మనిషి, ఊరికే వచ్చిందన్న ఒక్క ఆశతో అంత నష్టపోయాడు.

వాడాలనే అనుకుంటే సాదా అన్నమే తీసుకుని, గడ్డి తిన్న తర్వాత, దూడకు అర కిలో లోపు, రోజూ ఒకే కొలతలో పెట్టండి. ఒకరోజు లేక, ఒకరోజు నిండుగా పెట్టడమే చంపేది. కూరలు, ఎముకలు, ప్లాస్టిక్ కలిసిన ఎంగిలి అసలు వద్దు. ఎక్కువ తిన్నట్టు తెలిసిన వెంటనే మిగిలింది తీసేసి, నిలబడి ఉన్న దూడకు 50 నుంచి 100 గ్రాముల తినే సోడా నీళ్ళలో కలిపి మెల్లగా పట్టించి డాక్టర్‌ను పిలవండి. పడుకున్న దూడకు బలవంతంగా పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీరు అడగకపోయినా మరికొన్ని. మిరప, పత్తి చేల చెత్త ఎంత ఊరికే వచ్చినా వద్దు, మందుల అవశేషాలుంటాయి. జొన్న చొప్ప 45 రోజుల లోపుదీ, ఎండకు వాడిన లేత పిలకలూ పెడితే నాము (సైనైడ్ విషం) తగిలి నిమిషాల్లో పడిపోతాయి. తొట్లలో నీళ్ళ మీద పెంచే అజొల్లా నాచు గురించి చాలా ప్రచారం ఉంది. ఒకటి రెండు పశువులకు సరే గానీ, 20 దూడలకు తొట్లు కట్టి చాకిరీ చేస్తే, రెండు కిలోల పచ్చి అజొల్లాలో ఎండు సరుకు వంద గ్రాముల చిల్లరే. ఆ డబ్బుతో చున్నీ కొనుక్కోవడం మేలు.

మేత మార్చే ముందు పేడ పరీక్ష చేయించండి. మన కాలవల కింద మేసిన గేదె దూడల్లో కార్జపు జలగలు, పొట్ట జలగలు చాలా మామూలు. మీరు పెట్టేదాంట్లో సగం అవే తింటాయి. ఏ జలగో తేలాక దానికి తగ్గ మందే వేయించాలి.

బరువు చూడడానికి కాటా అక్కర్లేదు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాలతో మళ్ళీ గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 15 రోజులకోసారి ఉదయం మేతకు ముందు అవే ఐదు దూడలను కొలిచి పుస్తకంలో రాయండి. 15 రోజులకు సగటున ఆరేడు కిలోలు పెరిగితే మేత సరిపోతున్నట్టు. నాలుగు కిలోల లోపే ఉంటే చెక్క ఒక పాలు పెంచి చూడండి. మీ దగ్గర చున్నీ, తవుడు, చెక్క ఏ ధరకు దొరుకుతున్నాయో ఇక్కడ రాస్తే ఆ ధరలకు సరిపోయేలా పాళ్ళు మార్చి ఇస్తాను.